మార్కులు వచ్చాయి సరే, అర్థమైందా?

6, 7, 8 తరగతుల పిల్లలను ఇంట్లో అడగవలసిన ఎనిమిది ప్రశ్నలు

యూనిట్ టెస్టు ముందురోజు రాత్రి చాలా ఇళ్లలో కనిపించే దృశ్యం ఒకటే. పుస్తకం అమ్మ చేతిలో ఉంటుంది. పాప కళ్లు మూసుకుని అప్పజెబుతూ ఉంటుంది. "మొక్కలు సూర్యరశ్మి సమక్షంలో, పత్రహరితం సహాయంతో, గాలిలోని కార్బన్ డయాక్సైడును, నీటిని ఉపయోగించుకుని ఆహారాన్ని తయారుచేసుకునే ప్రక్రియను కిరణజన్య సంయోగక్రియ అంటారు." ఒక్క అక్షరం తప్పు పోలేదు. అమ్మకు సంతోషం. పుస్తకం మూసేస్తారు.

ఇప్పుడు అదే పాపను ఇంకో ప్రశ్న అడిగి చూడండి. "మన పెరట్లో వేపచెట్టు నాటినప్పుడు వేలెడంత ఉంది. ఇప్పుడు కొడితే బండెడు కట్టె వస్తుంది. అంత బరువు ఎక్కడి నుంచి వచ్చింది?" చాలామంది పిల్లలు తడుముకోకుండా చెప్పే జవాబు: "మట్టిలో నుంచి." ఒక్క నిమిషం క్రితం తాము అప్పజెప్పిన వాక్యంలోనే అసలు జవాబు ఉందని వాళ్లకు తోచదు.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. వాన్ హెల్మాంట్ అనే బెల్జియం వైద్యుడికీ ఇదే సందేహం వచ్చింది. ఆయన ఎండబెట్టిన 200 పౌండ్ల మట్టిని తొట్టిలో పోసి, 5 పౌండ్ల విల్లో మొక్క నాటి, నీళ్లు మాత్రమే పోస్తూ ఐదేళ్లు పెంచాడు. చెట్టు 169 పౌండ్లు తూగింది. మట్టిని మళ్లీ ఎండబెట్టి తూచితే తగ్గింది సుమారు 2 ఔన్సులు, అంటే 60 గ్రాములకు లోపే. ఈ సంగతి ఆయన చనిపోయాక 1648లో పుస్తకంగా వచ్చింది. బరువంతా నీళ్లదే అని ఆయన అనుకున్నాడు. అది సగమే నిజం. మిగతాది గాలిదని తర్వాతివాళ్లు తేల్చారు. చెట్టు తన ఒళ్లు కట్టుకునేది ముఖ్యంగా గాలిలోని కార్బన్ డయాక్సైడుతోను, నీటితోను. మట్టి ఇచ్చే లవణాలు చాలా అవసరమే కాని బరువులో చాలా కొద్ది.

పెద్ద చదువులు చదివినవారూ దీనికి అతీతులు కారు. 1987లో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయ పట్టప్రదాన దినాన, విద్యార్థులు, అధ్యాపకులు, పూర్వ విద్యార్థులు కలిపి 23 మందిని "వేసవికాలం ఎందుకు వస్తుంది?" అని కెమెరా ముందు అడిగారు. వారిలో 21 మంది సరిగా చెప్పలేకపోయారు. వేసవిలో భూమి సూర్యుడికి దగ్గరగా వస్తుందన్నవాళ్లే ఎక్కువ. నిజానికి కారణం భూమి అక్షం వంగి ఉండడం. చిన్నప్పుడు మనసులో పడ్డ అభిప్రాయాన్ని ఎవరూ అడిగి బయటకు తీయకపోతే, అది డిగ్రీల కింద కూడా చెక్కుచెదరకుండా ఉంటుందని ఆ చిత్రం లోకానికి చూపించింది.

ఆసుపత్రి పత్రికలో ఇదెందుకు?

మన ఇళ్లలో 11 నుంచి 14 ఏళ్ల పిల్లల స్థానం ఏమిటో ఒకసారి ఆలోచించండి. అమ్మానాన్నలు పొలానికో, పనికో వెళ్తే చిన్న తమ్ముడిని చూసుకునేది వీళ్లే. నాయనమ్మకు మాత్రలు అందించేది వీళ్లే. చాలా ఇళ్లలో మందు పొట్లం మీద రాసినది చదవగలిగేది ఏడో తరగతి పాప ఒక్కతే. తమ్ముడికి విరేచనాలు పట్టుకున్నా, తాతకు వడదెబ్బ తగిలినా, పక్కింటి పిన్నికి కరెంటు షాకు కొట్టినా, మొదటి పది నిమిషాల్లో అక్కడ ఉండేది డాక్టరు కాదు, ఆ పిల్లే. ఆ సమయంలో చేతిని నడిపేది అప్పజెప్పిన వాక్యం కాదు, మనసులో నిజంగా నమ్మిన విషయం.

బడిలో పరీక్షలు లేవా అంటే, ఉన్నాయి. ప్రభుత్వం కూడా పరీక్షిస్తోంది. 2021 నవంబర్ 12న దేశమంతటా జరిగిన జాతీయ సాధన సర్వేలో 8వ తరగతి పిల్లల సామాన్య శాస్త్రాన్ని పరీక్షించారు. 8వ తరగతిలో స్కాలర్‌షిప్పు కోసం రాసే ఎన్.ఎమ్.ఎమ్.ఎస్. పరీక్షలోనూ సైన్సు ఉంటుంది. ఇవన్నీ నాలుగు జవాబుల్లో ఒకదానిని గుర్తించే పరీక్షలు. వాటి ఉపయోగం వాటికి ఉంది. అయితే సరైన జవాబు గుర్తించిన పిల్లవాడు ఎందుకు గుర్తించాడో ఆ కాగితం చెప్పదు. అందుకే ఆస్ట్రేలియాకు చెందిన డేవిడ్ ట్రెగస్ట్ అనే విద్యా పరిశోధకుడు 1980లలో రెండంచెల ప్రశ్నల పద్ధతిని వివరించాడు. మొదటి అంచెలో జవాబు, రెండో అంచెలో కారణం. రెండూ సరిపోతేనే అర్థమైనట్టు.

ఈ పద్ధతి ఇంట్లో అమలుచేయడానికి టీచరు కానక్కరలేదు. "ఏమవుతుంది?" అని అడగండి. చెప్పాక "ఎందుకు?" అని అడగండి. వీలున్నచోట చేసి చూడండి. కింద ఎనిమిది ప్రశ్నలు ఇస్తున్నాం. మొదటి నాలుగు శరీరానికీ సూక్ష్మజీవులకూ, తర్వాతి నాలుగు వేడికీ విద్యుత్తుకూ వేగానికీ సంబంధించినవి.

1. నీళ్లు ఒక గొట్టంలో, అన్నం ఒక గొట్టంలో పోతాయా?

తెల్లకాగితం మీద మనిషి బొమ్మ గీసి, తిన్న ముద్ద, తాగిన నీరు, పీల్చిన గాలి ఏ దారిలో వెళ్తాయో గీయమనండి. చాలామంది పిల్లలు అన్నానికి ఒక గొట్టం, నీళ్లకు ఇంకొకటి గీస్తారు. రెండోది నేరుగా మూత్రాశయానికి పోతుంది! నిజానికి అన్నానికీ నీళ్లకూ దారి ఒకటే, ఆహారనాళం. రెండో గొట్టం గాలిది, అది ఊపిరితిత్తులకు వెళ్తుంది. గొంతులో ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి. మింగేటప్పుడు శ్వాసనాళం పైన చిన్న మూత వాలి దారి మూస్తుంది.

ఈ మూత సరిగా పనిచేయాలంటే మనిషి స్పృహలో ఉండాలి. స్పృహ తప్పినవారి నోట్లో నీళ్లు పోస్తే అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. మూర్ఛ వచ్చినప్పుడూ అంతే. నోట్లో నీళ్లు, చెంచా, వేలు ఏవీ పెట్టకూడదు. చేతిలో తాళంచెవులు పెట్టినందువల్ల ప్రయోజనం లేదు. మనిషిని పక్కకు ఒత్తిగిలి పడుకోబెట్టి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయాలి. ఐదు నిమిషాలకు మించితే వెంటనే ఆసుపత్రికి తేవాలి. బొమ్మ సరిగా గీయగలిగిన పిల్లకు ఈ జాగ్రత్త చెప్పకుండానే తెలుస్తుంది.

2. విరేచనాలవుతుంటే నీళ్లు ఇవ్వాలా, ఆపాలా?

"ఆపాలి, పోసినకొద్దీ పోతుంది కదా" అనే జవాబు పిల్లలది మాత్రమే కాదు, పెద్దలది కూడా. చిల్లుకుండ లెక్క అది. ఆ లెక్కను పిల్లలతోనే సరిచేయించండి. కుండ చిల్లు పడి కారుతోంది. లోపల చేప ఉంది. చిల్లు పూడ్చేదాకా చేప బతకాలంటే ఏం చేయాలి? పోస్తూనే ఉండాలి.

ఉత్త నీళ్లకంటే ఓ.ఆర్.ఎస్. ఎందుకు మేలు? పేగు గోడ గ్లూకోజును లోపలికి తీసుకునేటప్పుడు దానితోపాటు ఉప్పును కూడా తీసుకుంటుంది. ఉప్పు, చక్కెర వెళ్లిన చోటికి నీరు వాటి వెంట వెళ్తుంది. విరేచనాలు అవుతున్నప్పుడు కూడా ఈ దారి మూసుకుపోదు. కనుక చక్కెర లేని ఉప్పునీళ్లు, ఉప్పు లేని చక్కెర నీళ్లు ఆ పని చేయలేవు. రెండూ సరైన పాళ్లలో కావాలి.

దీని విలువ 1971లో తెలిసింది. బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో సరిహద్దులోని బొన్‌గావ్ శరణార్థులలో కలరా చెలరేగింది. సెలైను సీసాలు అయిపోవచ్చాయి. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని డ్రమ్ముల్లో నింపించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. నూటికి సుమారు 30 ఉన్న మరణాలు 4 కంటే తక్కువకు దిగాయి. ఆయన 2022లో కన్నుమూశారు. 2023లో ప్రభుత్వం ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించింది. ఇక్కడ మనం గుర్తుంచుకోవలసినది, ఆ ప్రాణాలు నిలబెట్టిన చేతులు అక్కలవి, అమ్మలవి.

ఇక అసలు పరీక్ష. పిల్లచేతికి ఒక పొట్లం ఇచ్చి, ఎన్ని నీళ్లలో కలపాలో చదివి చెప్పమనండి. పెద్ద పొట్లం 1 లీటరు నీటికి. చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లకు కూడా దొరుకుతాయి. పెద్ద పొట్లంలో కొంచెం తీసి గ్లాసులో అందాజుగా కలిపితే చిక్కదనం ఎక్కువై హాని చేయవచ్చు. పొట్లం లేకపోతే లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. కలిపినది 24 గంటలలోపు వాడి, మిగిలితే పారబోయాలి. చంటిబిడ్డకు తల్లిపాలు ఆపకూడదు. కళ్లు లోతుకు పోయినా, మత్తుగా ఉన్నా, మూత్రం రాకపోయినా, మలంలో రక్తం కనిపించినా, బిడ్డ తాగలేకపోయినా ఇంట్లో ఆగకండి.

3. మరిగిస్తే నీళ్లలో చెడు అంతా పోతుందా?

"పోతుంది" అంటారు పిల్లలు. బడిలో అలాగే విన్నారు మరి. ఒక గ్లాసు నీటిలో చెంచా ఉప్పు వేసి కలపండి. నీళ్లు తేటగానే ఉంటాయి. మరిగించి, చల్లార్చి, రుచి చూడమనండి. ఉప్పగానే ఉంటుంది. ఆవిరై పోయింది నీరు, ఉప్పు కాదు. అందుచేత రుచి ఇంకొంచెం పెరుగుతుంది కూడా.

దీనిలో రెండు పాఠాలున్నాయి. ఒకటి, తేటగా ఉన్న నీరంతా మంచినీరు కాదు. రెండు, మరిగిస్తే సూక్ష్మజీవులు చస్తాయి గాని కరిగి ఉన్న లవణాలు ఎక్కడికీ పోవు. నల్గొండ, ప్రకాశం జిల్లాలవారికి ఇది వట్టి పుస్తకం మాట కాదు. బోరునీటిలో ఫ్లోరైడు ఎక్కువై పళ్లు గారపట్టడం, ఎముకలు వంకర్లు తిరగడం ఆ ప్రాంతాలు తరాలుగా అనుభవించాయి. అప్పటి నెల్లూరు జిల్లాలో, ఇప్పటి ప్రకాశంలో ఉన్న దర్శి ప్రాంతం నుంచి 1937లోనే వైద్యులు ఈ వ్యాధి గురించి రాశారు. పటిక, సున్నంతో ఫ్లోరైడును తగ్గించే విధానానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది. ఆ నీటిని ఎంత మరిగించినా ఫ్లోరైడు తగ్గదు. నీటి పరీక్ష చేయించి, వేరే నీరు తెచ్చుకోవడమో, ఫ్లోరైడును తొలగించే ఏర్పాటు చేసుకోవడమో తప్పదు.

4. జలుబుకు యాంటీబయాటిక్ పనిచేస్తుందా?

8వ తరగతిలో సూక్ష్మజీవుల పాఠం చదివిన పిల్లలు బాక్టీరియా, వైరసుల పేర్లు గడగడా చెప్తారు. కాని "రెండింటికీ ఒకే మందా?" అంటే ఆగిపోతారు. బాక్టీరియాకు దాని సొంత కణగోడ, సొంత పనిముట్లు ఉంటాయి. యాంటీబయాటిక్ వాటిని దెబ్బతీస్తుంది. వైరసుకు అవి లేవు. అది మన కణంలో దూరి బతుకుతుంది. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నాయకత్వం వహించిన పరిశోధనల నుంచి 1948లో ఆరియోమైసిన్ అనే గొప్ప యాంటీబయాటిక్ వెలువడింది. అదైనా మామూలు జలుబును తగ్గించలేదు. అవసరం లేనప్పుడు వాడినా, డాక్టరు చెప్పిన రోజులకు ముందే ఆపినా మొండి బాక్టీరియా మిగిలిపోయి పెరిగే వీలుంటుంది. మందుల షాపుకు పిల్లలను పంపే ముందు ఈ ప్రశ్న అడిగి పంపండి.

5. దుప్పటి వేడిని ఇస్తుందా?

ఒకే సైజు ఐసుముక్కలు రెండు తీసుకోండి. ఒకదానిని ఉన్ని స్వెట్టరులో చుట్టి, రెండోదానిని పళ్లెంలో వదిలేయండి. ఏది ముందు కరుగుతుందో ముందే చెప్పించండి. "స్వెట్టరులోదే, స్వెట్టరు వేడి కదా!" అని చాలామంది పందెం కాస్తారు. అరగంట తర్వాత విప్పి చూస్తే పళ్లెంలోనిదే ఎక్కువ కరిగి ఉంటుంది. పిల్లల ముఖాలు చూడాలి అప్పుడు! ఐసు అమ్మేవాళ్లు దిమ్మలను రంపపు పొట్టులో, గోనెసంచుల్లో ఎందుకు చుడతారో అప్పుడు వాళ్లే చెప్తారు. దుప్పటి వేడిని పుట్టించదు. వేడి అటునుంచి ఇటు, ఇటునుంచి అటు పోకుండా అడ్డుపడుతుంది, అంతే.

ఈ ఒక్క విషయం ఇంట్లో రెండుచోట్ల అక్కరకొస్తుంది. జ్వరంతో ఒళ్లు కాలుతున్న బిడ్డను మందపాటి దుప్పట్లలో చుట్టేస్తే లోపలి వేడి బయటకు పోలేదు. పల్చని నూలు బట్ట చాలు. రెండోది పుట్టిన పసికందు సంగతి. నెలలు నిండక పుట్టిన, బరువు తక్కువగా ఉన్న బిడ్డ తనకు కావలసినంత వేడిని తాను పుట్టించుకోలేదు. అప్పటికే చల్లబడిన బిడ్డకు ఎన్ని గుడ్డలు చుట్టినా చల్లగానే ఉండవచ్చు, గుడ్డలో వేడి లేదు కనుక. వేడినిచ్చేది తల్లి ఒళ్లు. బిడ్డను తల్లి రొమ్ముల మధ్య చర్మానికి చర్మం తగిలేలా పెట్టుకుని, ఆపైన గుడ్డ కప్పాలి. 1978లో కొలంబియా దేశపు బొగోటాలో, ఇంక్యుబేటర్లు చాలని ఆసుపత్రిలో డాక్టర్ ఎడ్గర్ రే ఈ పద్ధతిని మొదలుపెట్టారు. కంగారూ సంరక్షణ పేరుతో అది లోకమంతటా వ్యాపించింది. ఐసుముక్క దగ్గర పాఠం నేర్చుకున్న అక్క, రేపు ఇంట్లో పసిబిడ్డ పుడితే వదినకు ఈ మాట చెప్పగలదు.

6. మట్టికుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయి?

"మట్టి చల్లన కాబట్టి" అన్నది సాధారణంగా వచ్చే జవాబు. అలా అయితే రంగు వేసి నున్నగా మెరుగుపెట్టిన కుండలో ఎందుకు చల్లబడవు? కొత్తకుండ ఒళ్లు తడిమి చూడమనండి. చెమర్చి ఉంటుంది. ఆ తడి ఆవిరి కావడానికి వేడి కావాలి. ఆ వేడిని కుండలోని నీళ్ల నుంచే లాక్కుంటుంది. నీళ్లు చల్లబడతాయి. చేతిమీద తడిగుడ్డతో తుడిచి ఊదుకుంటే ఇదే తెలుస్తుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. "మన ఒంటికి చెమట ఎందుకు పడుతుంది?" మనమూ ఒక కుండలాంటివాళ్లమే. చెమట కారినంత మాత్రాన చల్లబడం, అది ఆరాలి. కోస్తాలో ఉక్కపోత రోజున గాలిలో తేమ నిండి ఉంటుంది కనుక చెమట ఆరదు. ఒళ్లు తడిసి ముద్దవుతుంది గాని వేడి దిగదు. అందుకే థర్మామీటరులో అంకె రాయలసీమకంటే తక్కువగా ఉన్నా ప్రమాదం తక్కువని అనుకోవడానికి లేదు. 2015 మే నెల వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు.

కుండకు నీళ్లు పోయకపోతే చెమర్చదు. మనిషికీ అంతే. దాహం వేసేదాకా ఆగకుండా తాగుతూ ఉండాలి. ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ, తికమకగా ఉన్న మనిషికి తగిలింది వడదెబ్బే అనుకోవాలి. నీడకు చేర్చి, బట్టలు వదులుచేసి, ఒళ్లంతా తడిపి, విసరాలి. విసరడం మరవకూడదు, ఆరితేనే కదా చల్లబడేది! స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్లు పోయకూడదని మొదటి ప్రశ్నలోనే చూశాం. 108కి ఫోను చేయాలి.

7. ఒక సెల్లు, ఒక బల్బు, ఒకే వైరు. వెలిగించగలవా?

టార్చిలైటు సెల్లు, చిన్న బల్బు, ఒక వైరుముక్క ఇచ్చి కూర్చోబెట్టండి. ఇది సెల్లుతో మాత్రమే చేయాలి, ఇంటి ప్లగ్గు దగ్గరకు పోనివ్వకండి. చాలామంది సెల్లు ఒక చివర నుంచి బల్బు అడుగుకు వైరు పెట్టి, ఎందుకు వెలగలేదా అని చూస్తారు. కరెంటు కుళాయినీళ్లలా వచ్చి పడుతుందని వాళ్ల ఊహ. కరెంటు తిరిగి వెళ్లే దారి కూడా ఉండాలి. వలయం పూర్తయితేనే బల్బు వెలుగుతుంది.

వెలిగించాక ఇలా అడగండి. "తీగమీద పిచ్చుకకు షాకు కొట్టదు, నేలమీద నిలబడి తీగ పట్టుకున్న మనిషికి ఎందుకు కొడుతుంది?" పిచ్చుక ఒకే తీగమీద ఉంది, దాని గుండా ఇంకో చోటికి దారి లేదు. మనిషి గుండా నేలకు దారి ఉంది. తడికాళ్లు, తడిచేతులు ఆ దారిని ఇంకా సులువు చేస్తాయి. మన ఇంటి కరెంటు 230 వోల్టులు. ప్రాణం తీయడానికి అది చాలు.

బట్టలు ఆరేసే దండెం సంగతి కూడా చూడండి. ఇనుపతీగ కట్టి, దానికి పైనుంచి పోయే సర్వీసు వైరు తగులుతూ ఉంటే, వైరు తొడుగు అరిగిన రోజున తడిబట్ట వేసిన చేయి వలయంలో భాగమవుతుంది. దండెానికి నైలాను తాడు కట్టండి. ఎవరికైనా షాకు కొడుతుంటే చేత్తో లాగకూడదు. లాగినవారూ ఆ దారిలో చేరతారు. ముందు మెయిను ఆపాలి. వీలుకాకపోతే పొడినేలమీద నిలబడి, ఎండుకర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయాలి. ఈ కర్రమాట ఇంటి కరెంటుకే. వీధిలో హెచ్.టి. తీగ తెగిపడితే దూరంగా ఉండి, ఎవరినీ దగ్గరకు రానివ్వకుండా, కరెంటు ఆఫీసుకు చెప్పాలి.

8. వేగం రెట్టింపైతే బండి ఆగడానికి ఎంత దూరం కావాలి?

"రెట్టింపు" అంటారు. కాదు, నాలుగింతలు. కదిలే బండిలోని శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేశాక 10 మీటర్లలో ఆగే బండి, అదే రోడ్డుమీద 80 వేగంలో సుమారు 40 మీటర్లు పోతుంది. చూసి బ్రేకు వేసేలోపు పోయే దూరం దీనికి అదనం. బండి ఆగినా మనిషి ఒళ్లు ఆగదు, ముందుకే పోతుంది. హెల్మెట్టు తల ఆగే సమయాన్ని కొద్దిగా పెంచి, దెబ్బను పంచుతుంది. ఈ లెక్క నాన్నకు చెప్పే పని పిల్లలకే అప్పగించండి. మన మాటకంటే వాళ్ల మాటకే బండి నెమ్మదిస్తుంది.

తప్పు చెప్పినప్పుడు ఏం చేయాలి?

మొదటగా, తిట్టకండి. "ఏడో తరగతికొచ్చి ఇది కూడా తెలియదా?" అన్నామంటే పిల్లవాడు తర్వాతిసారి మనకు నచ్చే జవాబు చెప్తాడు, తనకు తోచినది దాచుకుంటాడు. దాచుకున్న తప్పు అలాగే పెరుగుతుంది. డాక్టరు దగ్గర నొప్పి ఎక్కడో చెప్పని రోగికి వైద్యం ఎంత కష్టమో, ఇదీ అంతే.

రెండోది, వెంటనే సరైన జవాబు చెప్పేయకండి. "అలాగా, చేసి చూద్దాం" అనండి. తన పందెం తానే ఓడిపోయిన పిల్ల ఆ పాఠాన్ని మరవదు. మూడోది, రోజుకు ఒక్క ప్రశ్న చాలు. రాత్రి భోజనాల దగ్గర అడగండి. నాయనమ్మను, తాతయ్యను కూడా జవాబు చెప్పమనండి. సండే స్కూలు టీచర్లు సెలవుల్లో పిల్లలను జట్లుగా చేసి ఇవే ప్రశ్నలు అడగవచ్చు. నాలుగోది, మీకే జవాబు తెలియకపోతే సిగ్గుపడకండి. "నాకూ తెలియదు, రేపు మీ సార్‌ని అడిగి వచ్చి నాకు చెప్పు" అన్న తండ్రి దగ్గర పిల్లలు బాగా నేర్చుకుంటారు.

మార్కులు వద్దని మేము చెప్పడం లేదు. స్కాలర్‌షిప్పుకూ, పైచదువుకూ మార్కులు కావాలి. అయితే మార్కుల కాగితం బీరువాలో ఉంటుంది. తమ్ముడికి నీళ్ల విరేచనాలు పట్టుకున్న రాత్రి బీరువా ఎవరూ తెరవరు. పొట్లం చింపి, లీటరు నీళ్లు కొలిచి, చెంచా చెంచాగా తాగించే చేయి కావాలి. ఆ చేతికి ఎందుకు తాగిస్తున్నామో తెలిసి ఉండాలి.

ఈ రాత్రి భోజనాల దగ్గర మొదటి ప్రశ్న అడగండి. తెల్లకాగితం, పెన్సిలు చాలు.